మిజూలా సైకిలు దళము
(సంఘ సమావేశమున చదువబడిన ఉపన్యాస పాఠము)



సైకిలు ఎరుగని కుటుంబము ఈ సభలో ఒక్కటియు ఉండదు. ఒకప్పుడు ఢిల్లీ నగరమున సెక్రటేరియటు ఉద్యోగులు గుంపులు గుంపులుగా సైకిళ్ళపైననే కచేరీకి పోవుచుండిరి. క్యారియరుపై కాగితముల కట్ట, హ్యాండిలునకు తగిలించిన టిఫిను డబ్బా, ఇంతే వారి సామాను. చదునైన రోడ్డుపై నాలుగైదు మైళ్ళు, ఇంతే వారి ప్రయాణము. అట్టి సామాన్యమైన వాహనముపై ఇరువదిమంది సిపాయిలు తుపాకులు, తూటాలు, దుప్పట్లు, డేరా గుడ్డలు, రెండు దినముల తిండి మోసికొని, రాకీ పర్వతములను దాటి, 1,900 మైళ్ళు ప్రయాణించిన వృత్తాంతము నేటి ప్రసంగ విషయము. 1,900 మైళ్ళనగా సుమారు 3,000 కిలోమీటర్లు. న్యూఢిల్లీలో కేరళ ఎక్స్‌ప్రెస్సు ఎక్కి, విజయవాడ మీదుగా తిరువనంతపురము చేరువరకు ఎంత దూరమో, ఇంచుమించు అంత దూరము. ఇది 1897లో అమెరికా దేశమున జరిగినది. ఆ సిపాయిలందరును నల్లజాతివారు.

ఈ కడపటి మాటకు కొంత వివరణము కావలెను. అమెరికా అంతర్యుద్ధము 1865లో ముగిసిన పిమ్మట ఆ దేశపు స్థిరసైన్యమునందు నల్లజాతివారికి ప్రత్యేకముగా రెజిమెంట్లు ఏర్పడెను. పదాతి దళములలో అట్టివి రెండు నిలిచెను. అందు 25వది 1869లో రూపొందినది. సిపాయిలు నల్లవారు, అధికారులు దాదాపుగా అందరును తెల్లవారు. నగరములకు దూరమైన సరిహద్దు కోటలే వీరికి తరచుగా లభించిన ఠాణాలు. టెక్సాసు ఎండలను, డకోటా చలిని అనుభవించి, 1888లో ఈ రెజిమెంటు మోంటానా ప్రాంతమునకు వచ్చెను. బదిలీ ఉత్తరువుల మర్మమెరిగిన శ్రోతలకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. మోంటానాలో మిజూలా అను ఊరి చెంత నొక కోట కలదు. పేరునకు కోటయే కాని చుట్టును ప్రాకారము లేదు. కొండల నడుమ విశాలమైన మైదానమున కట్టిన బారకాసులు మాత్రమే.

1896 మే 18వ తేదీన అమెరికా సుప్రీముకోర్టు, లూయిజియానా రాష్ట్రమున నల్లవారిని, తెల్లవారిని వేర్వేరు రైలుపెట్టెలలో కూర్చుండబెట్టు శాసనము న్యాయమైనదేనని తీర్పు చెప్పెను. సమాన సౌకర్యమున్నచో వేరుచేయుట తప్పుకాదని ఆ తీర్పు సారాంశము. ఆ తీర్పు వెలువడిన రెండు నెలలకు, అదే లూయిజియానాలో పుట్టిన జేమ్స్ ఎ. మాస్ అను తెల్ల లెఫ్టినెంటు, మిజూలా కోటలో ఎనిమిదిమంది నల్లజాతి సిపాయిలతో ఒక సైకిలు దళమును ఏర్పరచెను. 1894లో సైనిక కళాశాలనుండి ఉత్తీర్ణులైనవారిలో మాస్ చిట్టచివరివాడు. చివర నిలిచినవానికి దూరపు కోట దొరకుట సహజమే. కాని దూరపు కోటలో ఊరక కూర్చుండుట ఆతని స్వభావము కాదు.

సైకిలును సైన్యమున వాడవలెనను తలంపు మాస్ పుట్టించినది కాదు. ఐరోపాలో ఆ ప్రయత్నము లప్పటికే సాగుచుండెను. స్విట్జర్లాండు 1891లో స్థాపించిన సైకిలు రెజిమెంటును 2003లో గాని రద్దు చేయలేదు. అమెరికా సేనాధిపతి నెల్సన్ మైల్సుకు సైకిలుపై మంచి గురి కుదిరియుండెను. గుఱ్ఱమునకు దాణా కావలెను, నీరు కావలెను, విశ్రాంతి కావలెను. రాత్రివేళ అది సకిలించినచో శత్రువునకు తెలిసిపోవును. సైకిలునకు ఈ చిక్కులు లేవు. అయితే గుఱ్ఱము వాగును తనంత తానే దాటును, సైకిలును మనుష్యుడే మోయవలెను. ఈ రెండవ మాటను వాదములలో అంతగా చెప్పెడివారు కారు. అనుభవమున అదియే ముందు వచ్చినది.

మాస్ తన దళమునకు విచిత్రమైన కసరత్తు నేర్పెను. సైకిలును ఎత్తి ఎత్తైన కంచె కావలికి అందించి, తాము ఎగబ్రాకి దూకి, మరల ఎక్కి పోవుట ఒకటి. లోతైన వాగు ఎదురైనప్పుడు సైకిలును ఒక కర్రకు వ్రేలాడదీసి, ఇరువురు కర్ర కొనలను భుజములపై పెట్టుకొని దాటించుట మరొకటి. ఆ యేడు ఆగస్టులో వారు ఉత్తరముననున్న మెక్‌డొనాల్డు సరస్సువరకు పోయి వచ్చిరి. నాలుగు దినములలో 126 మైళ్ళు. వానలు, బురద, పంక్చర్లు. అటనుండి వచ్చిన కొలది దినములకే ఎల్లోస్టోను ఉద్యానవనమునకు బయలుదేరిరి. రాకపోకలు కలిసి సుమారు 800 మైళ్ళు. అచటి మామత్ వేడినీటి బుగ్గలవద్ద మినర్వా టెరస్ అను తెల్లని మెట్లబండపై వారు తమ సైకిళ్ళతో నిలిచిన ఛాయాచిత్రమును నేటికిని చూడవచ్చును. పై మెట్టునుండి క్రింది మెట్టువరకు ఒక్కొక్కరు ఒక్కొక్క సైకిలుతో నిటారుగా నిలిచియున్నారు. గడియారములవలె పొగలు గ్రక్కు ఊటలను, మంచుకొండలను చూచిన వారి ముఖములలో విహారయాత్రికుల సంతోషమేమియు కానరాదు. ఫోటోగ్రాఫరు కదలవద్దని చెప్పియుండుటయే కారణము కావచ్చును.

మరుసటి యేడు మాస్ పెద్ద యాత్రకు అనుమతి కోరెను. మిజూలానుండి మిసోరీ రాష్ట్రములోని సెయింట్ లూయిస్ పట్టణమువరకు పోవలెనని ఆతని సంకల్పము. ఆ దారిలో మంచు, కొండ, బురద, ఎడారి, చదును నేల అన్నియు తగులును గనుక పరీక్షకు అంతకు మించినది లేదు. అనుమతి వచ్చెను. ఇరువదిమంది సిపాయిలు, మాస్, వైద్యాధికారి జేమ్స్ కెన్నెడీ, స్థానిక పత్రికకు వార్తలు వ్రాయు ఎడ్వర్డ్ బూస్ అను పందొమ్మిదేండ్ల యువకుడు, మొత్తము ఇరువదిముగ్గురు. సిపాయిలలో అయిదుగురు మాత్రమే వెనుకటి యేటి అనుభవము కలవారు. వారిలో జాన్ ఫిండ్లే అనునాతడు పూర్వము షికాగోలో సైకిళ్ళ కర్మాగారమున పనిచేసినవాడు. దారిపొడుగున మరమ్మతులకు ఆతడే దిక్కు. సిపాయిలకు పెద్ద సార్జెంటు మింగో సాండర్సు. ఆతనికి ముప్పదితొమ్మిదేండ్లు. 1881లో సైన్యమున చేరినవాడు. ఒక పేలుడు వలన ఆతని చూపు కొంత దెబ్బతినియుండెను. దళములో పెద్దవాడును, చూపు తక్కువవాడును అయిన ఆతని పేరు ఈ కథలో మరల వచ్చును.

సైకిళ్ళను స్పాల్డింగు సంస్థ వెల పుచ్చుకొనక ఇచ్చెను. ఒక్కొక్కటి 32 పౌనుల బరువు. ఉక్కు రిమ్ములు, బలపరచిన ముందుకాళ్ళు, గొలుసునకు దుమ్ము సోకకుండ మూత. హ్యాండిలునకు ముందు దుప్పటిచుట్ట. అందులో సగము డేరాగుడ్డ, డేరా కర్రలు, ఒక లోచొక్కా, లోలాగు, రెండు జతల మేజోళ్ళు, చేతిగుడ్డ, పండ్లు తోముకొను బ్రష్షు. సైకిలు చట్రము నడుమనున్న త్రికోణములో గట్టి తోలుపెట్టె, అందులో తిండి. ఇట్లు సర్దగా సైకిలు బరువు సగటున 59 పౌనులయ్యెను. ఇదిగాక వీపున పది పౌనుల రైఫిలు, నడుమున 50 తూటాలు. ఇద్దరి సగము గుడ్డలు కలిపి బిగించినగాని ఒక డేరా కాదు. కనుక త్రోవలో ఒకడు వెనుకబడినచో ఇద్దరికిని ఆ రాత్రి నీడలేదు.

తిండి విషయము చెప్పవలెను. ఉప్పుపట్టించిన పందిమాంసము, రొట్టె, డబ్బాలోని మాంసము, ఉడికించిన చిక్కుడుగింజలు, కాఫీ, చక్కెర, పిండి. రెండు దినములకు సరిపడునది వెంట మోసెడివారు. సుమారు నూరు మైళ్ళకొక చోట రైలుద్వారా ముందుగానే సరకు పంపి నిలువ చేయించిరి. అందుచేతనే వారి దారి అధికభాగము రైలుపట్టాల ప్రక్కనే సాగెను. పటము చూచి దగ్గరి దారి తీయుటకు వీలులేదు. నూరవ మైలున తిండి ఉన్న దిక్కునకే పోవలెను. దారిలో వాన వలన ఒక దినము ఆలస్యమైనచో ఆ దినము పస్తు. అట్టి పస్తులును వారికి తప్పలేదు.

1897 జూన్ 14వ తేదీ తెల్లవారుజామున 5.30 గంటలకు దళము కోట విడిచెను. మొదటి దినమే వాన పట్టుకొనెను. ఆ ప్రాంతపు మట్టి తడిసినచో జిగురువలె అంటుకొనును. నల్లరేగడిలో శ్రావణమాసమున బండి తోలినవారికి దీని స్వరూపము తెలియును. చక్రమునకును చట్రమునకును నడుమ మట్టి గడ్డకట్టి చక్రము తిరుగుట మానును. దిగి, పుల్లతో గీకి, నాలుగు గజములు నడచి, మరల గీకవలెను. ఇట్లు సైకిలు మనుష్యుని మోయుట మాని, మనుష్యుడు సైకిలును మోయు స్థితి వచ్చినప్పుడు వారు రైలుపట్టాల మధ్యకు ఎక్కెడివారు. అచట బురద లేదు, కాని అడుగడుగునకు స్లీపరు దుంగలు. ఒక్కొక్క దుంగకు ఒక్కొక్క కుదుపు. కుదుపు హ్యాండిలునుండి చేతులకు, సీటునుండి వెన్నెముకకు ఎక్కును. ఒక మైలు కాదు, దినమంతయు.

అట్లే పోయి ముల్లన్ కనుమ చేరిరి. సముద్రమట్టమునకు 5,900 అడుగుల ఎత్తున గల ఈ కనుమ అమెరికా ఖండపు వెన్నెముకపై నున్నది. దీనికి పడమట జారిన నీరు పసిఫిక్ మహాసముద్రమునకు పోవును. తూర్పున జారిన నీరు మిసోరీ నదిలో చేరి, సెయింట్ లూయిస్ పట్టణమునకు కొంచెము ఎగువన మిసిసిపీలో కలియును. అనగా ఆ శిఖరమునుండి నీటికిని, సైనికులకును గమ్యమొక్కటే, దారులు మాత్రము వేరు. జూన్ మాసమైనను అచట మంచు కురియుచుండెను. తడిసిన బట్టలతో, మంచునీటి బురదలో, సైకిళ్ళను త్రోసికొనుచు వారు కనుమ నెక్కిరి.

ఎక్కుట కష్టము, దిగుట సుఖము అని పిల్లలు అనుకొందురు. ఆ కాలపు సైకిలు సంగతి అది కాదు. నేటి సైకిలునకు పెడలు ఆపినను చక్రము తిరుగుచుండును. 1897 నాటి సైకిలునకు పెడలును వెనుక చక్రమును ఒకటే. చక్రము తిరిగినంతసేపు పెడళ్ళును తిరుగుచునే యుండును. కొండ దిగునప్పుడు వేగము హెచ్చినకొలది పెడళ్ళు కాళ్ళను తన్నుకొనిపోవును. పెడళ్ళను వెనుకకు త్రొక్కి ఆపవలెను, లేదా కాళ్ళు ఎత్తి, ముందు టైరుపై ఒత్తు బ్రేకును నమ్ముకొనవలెను. తడిసిన టైరుపై ఆ బ్రేకు పట్టుట అనుమానము. వీపున తుపాకీ, ముందు దుప్పటిచుట్ట, క్రింద మంచు, ప్రక్క లోయ. కనుమ దిగి వారందరును క్షేమముగా హెలెనా పట్టణ ప్రాంతము చేరిరనుట, సైకిళ్ళకంటెను వారి కాళ్ళకే ప్రశంస.

పర్వతములు వెనుకబడిన పిమ్మట కథ సులభమగునని మాస్ ఆశించెనేమో తెలియదు. బిల్లింగ్సు దాటి, 1876లో కస్టరు సేన హతమైన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి మీదుగా వ్యోమింగు రాష్ట్రమున ప్రవేశించిరి. షెరిడన్, జిలెట్, న్యూకాసిల్ అను ఊళ్ళు దాటిరి. ఇచట మంచు స్థానమున దాహము వచ్చెను. ఆ నేల చవుడు నేల. వాగులలోని నీరు క్షారముతో కూడినది. త్రాగినవారికి కడుపునొప్పి, నీరసము. వేరు నీరు లేదు. సిపాయిలు జబ్బుపడిరి, మాస్ కూడ జబ్బుపడెను. నెబ్రాస్కా రాష్ట్రములో ఆతనిని వెనుక దించి దళము ముందుకు సాగవలసివచ్చెను. కొన్ని దినములకు ఆతడు రైలులో వచ్చి కలిసికొనెను. మాస్ లేని దినములలోను దళము ఆగలేదు, చెదరలేదు. ఈ చిన్న విషయమున చాల అర్థమున్నది. నల్లజాతి సిపాయిలు తెల్ల అధికారి నడిపించినగాని నడువరని ఆనాడు పెద్దలు వ్రాయుచుండిన కాలమది.

నెబ్రాస్కాలోని ఇసుకదిబ్బలు ఈ యాత్రకు గుండెకాయవంటి ఘట్టము. సైకిలు టైరు ఇసుకలో దిగబడును. త్రొక్కినకొలది లోతునకు పోవును. ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 43 సెల్సియసు. నీడనిచ్చు చెట్టు లేదు. మరల రైలుపట్టాలే శరణ్యము. పట్టాల నడుమకూడ ఇసుకయే. 170 మైళ్ళు దాటుటకు నాలుగున్నర దినములు పట్టెను. అనగా దినమునకు 38 మైళ్ళు. ఆ లెక్క చూచి మందకొడి అనుకొనువారు, మే మాసమున మధ్యాహ్నము పన్నెండుగంటలకు గోదావరి ఇసుకతిన్నెపై చెప్పులతో సైతము ఒక్క మైలు నడచి చూడవచ్చును.

ఇసుక దాటిన పిమ్మట మిగిలిన దారి పంటభూములది. లింకన్ మీదుగా మిసోరీ రాష్ట్రము ప్రవేశించి, జూలై 24వ తేదీన దళము సెయింట్ లూయిస్ చేరెను. పట్టణపు సైకిలు సంఘములవారు ఎదురేగి తోడ్కొనివచ్చిరి. ఫారెస్ట్ పార్కు అను తోటలో వారు దిగియుండగా వేలకొలది జనము చూడవచ్చిరి. సిపాయిలు తమ కసరత్తు చేసి చూపిరి. మొత్తము 41 దినములు. అందు నడచినవి 34. నడచిన దినమునకు సగటున 56 మైళ్ళు, గంటకు ఆరు మైళ్ళకు కొంచెము పైన. తిరుగు ప్రయాణము రైలులో.

మాస్ నివేదిక వ్రాసెను. సైకిలు దళము పదాతిదళము కంటెను, అశ్వికదళము కంటెను రెండింతల వేగముతో, మూడవవంతు ఖర్చుతో పోగలదని ఆతని వాదము. మరుసటి యేడు శాన్‌ఫ్రాన్సిస్కోవరకు పోవుటకు అనుమతి కోరెను. పైవారు ఇయ్యలేదు. ఇంతలో 1898 ఏప్రిలులో స్పెయినుతో యుద్ధము వచ్చెను; 25వ రెజిమెంటు క్యూబా దీవికి తరలెను, ఎల్ కానే యుద్ధమున పోరాడెను. సైకిలు దళము మరల కూడలేదు. కొలదికాలమునకు మోటారు వచ్చెను. యుద్ధమున సైకిలు పనికిరాదని మాత్రము అనరాదు: 1941-42లో జపాను సేన మలయా ద్వీపకల్పమును సైకిళ్ళపై దిగివచ్చినది. మాస్ సైనికశిక్షణ గ్రంథములు పెక్కు వ్రాసి పేరు గడించి, 1941లో న్యూయార్కు నగరమున రోడ్డు ప్రమాదమున మరణించెను.

మాస్ వ్రాసెను, బూస్ వ్రాసెను. ఈ యాత్రను గూర్చి నేడు తెలిసినది అధికముగా ఆ ఇద్దరి కలములనుండి వచ్చినదే. బరువు మోసిన ఇరువదిమంది ఏమనుకొనిరో చెప్పు కాగితములు లేవనియే చెప్పవచ్చును. వారిలో ఒక్కని తరువాతి జీవితము మాత్రము ప్రభుత్వ పత్రములలో మిక్కిలి వివరముగా దొరకును. అది సార్జెంటు మింగో సాండర్సుది. అట్లు దొరకుటకు కారణము సంతోషకరమైనది కాదు.

సాండర్సు క్యూబాలో పోరాడెను, ఫిలిప్పీన్సులో పోరాడెను. 1906లో ఆతడు బి కంపెనీకి మొదటి సార్జెంటు. ఆ వేసవిలో రెజిమెంటులోని మూడు కంపెనీలను టెక్సాసులోని బ్రౌన్స్‌విల్ అను ఊరికి పంపిరి. ఊరివారికి నల్లజాతి సిపాయిలు వచ్చుట ఇష్టములేదు. ఆగస్టు 13వ తేదీ అర్ధరాత్రివేళ ఊరిలో కాల్పులు జరిగెను. ఒకడు మరణించెను, ఒక పోలీసు గాయపడెను. నేరము సిపాయిలదేనని ఊరివారనిరి. సిపాయిలు ఆ సమయమున బారకాసులలోనే యుండిరని వారి తెల్ల అధికారులు మొదట చెప్పిరి. విచారణాధికారులు వచ్చి, దోషుల పేర్లు చెప్పుడని అడిగిరి. ఎవరును చెప్పలేదు, తమకు తెలియదనిరి. చెప్పకుండుటయే కుట్ర అని తీర్మానించి, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు నవంబరులో 167 మందిని గౌరవరహితముగా కొలువునుండి తొలగించెను. కోర్టు మార్షలు లేదు. ఒక్కనిపైనను నేరము ఋజువు కాలేదు. పెన్షను లేదు, ప్రభుత్వోద్యోగమునకు అర్హతయు లేదు.

ఆ 167 మందిలో సాండర్సు ఒకడు. ఇరువదియైదేండ్లకు పైబడిన సేవ. నడవడి పత్రములన్నియు ఉత్తమములు. పెన్షనునకు మిగిలినది కొలదికాలమే. క్యూబాలో ఒకసారి తన సిపాయిలు తమ రొట్టెబిళ్ళలను రూజ్‌వెల్టు దళమునకు ఆయన కోరికపైననే పంచియిచ్చిరని ఆతడు తరువాత చెప్పెను. 1907లో సెనేటు కమిటీ యెదుట సాక్ష్యమిచ్చెను. మరల కొలువున చేర్చుకొనుడని మొరపెట్టుకొనెను. చేర్చుకొనలేదు. ఈ సభలో సర్వీసు పుస్తకము నెరిగినవారే అధికులు. పదవీవిరమణమునకు రెండు మూడేండ్ల ముందు, సంజాయిషీ వ్రాయుటకైనను తావీయక, ఇరువదియైదేండ్ల సేవను ఒక్క సంతకముతో తుడిచివేసినచో ఇంటిల్లిపాదికిని ఏమగునో వారు ఊహింపగలరు.

1910లో ఒక విచారణ సంఘము 14 మందికి మాత్రము మరల చేరుటకు అర్హత ఇచ్చెను. ఏ ఆధారముతో ఆ పదునలుగురిని ఏరిరో వివరింపలేదు. సాండర్సు 1929లో మరణించెను. 1972లో అమెరికా సైనికశాఖ ఆ ఫైలును మరల తెరచి, 1906 నాటి తొలగింపు అన్యాయమని ఒప్పుకొని, అందరికిని గౌరవప్రదమైన విడుదల పత్రములు వ్రాసియిచ్చెను. అందుకొనుటకు బ్రతికియున్నట్లు తేలినవారు ఇద్దరు. వారిలో డోర్సీ విల్లిస్ అను వృద్ధునికి 25,000 డాలర్లు ఇచ్చిరి. చనిపోయినవారి కుటుంబములకు బాకీజీతము గాని, పెన్షను గాని ఇయ్యలేదు.

1974లో మోంటానా విశ్వవిద్యాలయమునకు చెందిన నల్లజాతి యువకులు కొందరు మిజూలాలో సైకిళ్ళెక్కి, పాతదళము నడచిన దారినే సెయింట్ లూయిస్ వరకు పోయిరి.